ఇశ్రాయేలు తొలి రాజుల కథలు: పాలితుల జ్ఞాపకం

1

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితలు సంఘంగా ఏర్పడిన నాటినుంచి మన విమర్శకులు పాత గ్రంథాలను కొత్త కళ్లతో చదువుతూనే ఉన్నారు. రామాయణంలోని శంబూకుణ్ణి గురించి, భారతంలోని ఏకలవ్యుణ్ణి గురించి, ప్రబంధాల మీద పడిన రాజాస్థానాల నీడను గురించి ఎన్నో వ్యాసాలు వచ్చాయి. తగవులూ జరిగాయి. మంచిదే. కాని నూటడెబ్బై ఏళ్లుగా తెలుగులో ఉండి, ప్రతి ఆదివారమూ వేలాది పల్లెల్లో బిగ్గరగా చదవబడుతున్న ఒక పెద్ద కథాసంపుటిని మాత్రం మన విమర్శ దాదాపు ముట్టుకోలేదు. అది బైబిలు పాత నిబంధన. అందులోనూ ముఖ్యంగా రాజుల కథలు.

ఈ ఉపేక్షకు రెండు కారణాలు కనిపిస్తాయి. అది పరాయి మతగ్రంథం, మనకెందుకని కొందరి ఉద్దేశం. మతగ్రంథం ఏదైనా మత్తుమందేనని మరికొందరి ఉద్దేశం. రెండో తరగతివారు మార్క్సు మతాన్ని గురించి చెప్పినదాంట్లో సగమే గుర్తుంచుకొన్నారు. బాధితుల గొంతు కూడా మతంలో వినిపిస్తుందన్న మిగతా సగాన్ని వదిలేశారు. ఏ గ్రంథంలో ఆ గొంతు ఎంతమేరకు వినిపిస్తుంది, దాన్ని అణచిన చేతులెవరివి అని పరిశీలించడమే విమర్శకుడి పని. గ్రంథాన్ని తెరవకుండా ఆ పని జరగదు.

నందికొట్కూరు, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలవారికి ఇది దూరపు సంగతి కాదు. ఆళ్లగడ్డకు చేరువనున్న ముత్యాలపాడు పందొమ్మిదో శతాబ్ది మధ్యకాలంలోనే ఆంగ్లికన్ మిషను కేంద్రమయింది. ఆ తరవాతి దశాబ్దాలలో ఈ చుట్టుపట్ల మాలపల్లెలు, మాదిగపల్లెలు పెద్దసంఖ్యలో క్రైస్తవంలో చేరాయి. సంపూర్ణమైన తెలుగు బైబిలు 1854లో వచ్చింది. దానికి ఒక్క ఏడాది ముందు, 1853లో, చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడింది. ఆధునిక తెలుగు వచనానికి పునాది ఏదని అడిగితే మనం రెండోదాని పేరే చెబుతాం, మొదటిదాన్ని తలవనైనా తలవం. నీతిచంద్రిక బడిలో చోటు దొరికినవాడి పుస్తకం. బడి గడప తొక్కనివ్వని వాడిలో ఎంతోమందికి అక్షరం నేర్పిన పుస్తకం మాత్రం బైబిలు. ఈ తేడాను మన సాహిత్యచరిత్రలు ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

నేను ఇక్కడ మతసిద్ధాంతాల జోలికి పోవడం లేదు. న్యాయాధిపతులు, సమూయేలు రెండు గ్రంథాలు, రాజులు రెండు గ్రంథాలు - వీటిలోని తొలి రాజుల కథలను కథలుగా చదివితే ఏమి తేలుతుందన్నదే ప్రశ్న. తేలేది ఇది: రాజాస్థానాలలో, ఆలయాలలో చదువుకొన్నవారు కూర్చిన ఈ చరిత్రలో రాజు చేత దోచుకోబడినవారి జ్ఞాపకం చెరిగిపోకుండా నిలిచింది. రాజును పొగిడే కథా, రాజును తెగడే కథా ఒకే గుడ్డలో పడుగూ పేకలుగా ఉన్నాయి. ప్రపంచ ప్రాచీన సాహిత్యంలో ఇది అరుదైన విషయం.

2

మొదట ఒక చిన్న కథ. న్యాయాధిపతులు తొమ్మిదో అధ్యాయంలో ఉంది. ఇశ్రాయేలులో ఇంకా రాజులు లేని కాలం. గిద్యోను కొడుకు అబీమెలెకు షెకెము పట్టణంవారి దగ్గర డబ్బు తీసుకొని, దానితో అల్లరిమూకను కూలికి పెట్టుకొని, తన డెబ్బైమంది సోదరులను ఒకే బండమీద చంపించి రాజవుతాడు. దాగి బతికిన కడగొట్టువాడు యోతాము కొండెక్కి ప్రజలకొక కథ చెబుతాడు.

చెట్లన్నీ తమకొక రాజు కావాలనుకొన్నాయి. ఒలీవచెట్టును అడిగాయి. తన నూనెను వదిలిపెట్టి వచ్చి మీమీద ఊగడమెందుకని అది కాదన్నది. అంజూరం తన తీపిని వదలనన్నది. ద్రాక్ష తన రసాన్ని వదలనన్నది. చివరికి ముండ్లపొద ఒప్పుకొన్నది. వచ్చి తన నీడలో ఆశ్రయం పొందండనీ, లేకపోతే తనలోనుంచి నిప్పు పుట్టి లెబానోను దేవదారులను కాల్చేస్తుందనీ అన్నది.

ఈ కథలోని ఎత్తిపొడుపు రాయలసీమ రైతుకు వివరించి చెప్పనక్కరలేదు. మెట్టచేలలో కంపచెట్టును కొట్టీ కొట్టీ చేతులు కాయలు కాసినవాడికి దాని నీడ ఎంతో తెలుసు. ఫలసాయమిచ్చే చెట్లకు పని ఉంది కనుక అవి రాజరికం వద్దన్నాయి. ఏ పనికీ రానిది రాజయింది. అది ఇవ్వగలిగింది లేని నీడ, చేయగలిగింది కాల్చడం. ఉత్పత్తికీ అధికారానికీ ఉన్న వైరాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన కథ మరొకటి దొరకడం కష్టం.

మన పంచతంత్రంలోనూ చెట్లు, జంతువులు మాట్లాడతాయి. కాని ఆ కథలు ఎవరికోసం పుట్టాయి? చదువురాని రాజకుమారులకు రాజనీతి నేర్పడం కోసమని ఆ గ్రంథమే చెప్పుకొంటుంది. రాజ్యం ఎలా నిలుపుకోవాలో అది పాలకుడికి చెబుతుంది. యోతాము కథ ఆ పాలకుణ్ణి నెత్తిన పెట్టుకొన్న ప్రజలకు వాళ్లు చేసిన పని ఎలాంటిదో చెబుతుంది. ఒకటి అంతఃపురంలో పీటవేసుకొని చెప్పిన కథ, మరొకటి కొండమీద నిలబడి అరిచి, వెంటనే పారిపోవలసిన మనిషి చెప్పిన కథ. ఒకే సాహిత్యప్రక్రియ ఎవరి చేతిలో ఉన్నదన్నదాన్నిబట్టి దాని అర్థం తిరగబడుతుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఉండదు.

అబీమెలెకు చావు కూడా గమనించదగింది. తేబేసు గోపురాన్ని ముట్టడించినప్పుడు ఒక స్త్రీ పైనుంచి తిరగలిరాయి విసిరి అతని తల పగలగొడుతుంది. ఆడదాని చేతిలో చచ్చాడని ఎవరూ అనకుండా తనను కత్తితో పొడవమని అతడు తన ఆయుధాలు మోసేవాణ్ణి వేడుకొంటాడు. వాడు పొడుస్తాడు కూడా. కాని తరవాతి గ్రంథంలో, కొన్ని తరాల అనంతరం, యోవాబు అనే సేనాని ఆ చావును ప్రస్తావించినప్పుడు తిరగలిరాయి వేసిన స్త్రీనే తలుచుకొంటాడు. కత్తి సంగతి ఎవరికీ గుర్తులేదు. రాజు కోరుకొన్న చరిత్ర ఒకటి, జనం గుర్తుంచుకొన్న చరిత్ర మరొకటి. పిండి విసిరే రాయే చివరికి సాక్ష్యమయింది.

3

రాజు కావాలని ప్రజలే అడిగిన ఘట్టం సమూయేలు మొదటి గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో ఉంది. సమూయేలు ముసలివాడు. అతని కొడుకులు లంచాలు మరిగారు. చుట్టూ ఉన్న జనులందరికీ రాజులున్నారు కనుక తమకూ ఒకడు కావాలని పెద్దలు వచ్చి అడుగుతారు. అప్పుడు సమూయేలు రాజు ఏమేమి చేస్తాడో ఒక జాబితాగా చదువుతాడు.

ఆ జాబితాలో దైవదూషణ లేదు, విగ్రహారాధన లేదు. ఉన్నదంతా ఆర్థికశాస్త్రమే. కొడుకులను తీసుకొని తన రథాల ముందు పరిగెత్తిస్తాడు, తన పొలాలు దున్నిస్తాడు, తన కోత కోయిస్తాడు, ఆయుధాలు చేయిస్తాడు. కూతుళ్లను తీసుకొని అత్తర్లు చేసేవాళ్లుగా, వంటకత్తెలుగా, రొట్టెలు కాల్చేవాళ్లుగా పెట్టుకొంటాడు. పొలాలలో, ద్రాక్షతోటలలో, ఒలీవతోటలలో మంచివాటిని తీసుకొని తన కొలువువారికి ఇస్తాడు. దాసదాసీలను, పడుచువాళ్లను, గాడిదలను తీసుకొని తన పనికి పెడతాడు. పంటలో పదోవంతు, మందలో పదోవంతు తనదంటాడు. చివరికి మీరే అతనికి బానిసలవుతారు.

హీబ్రూ మూలంలో 'తీసుకొంటాడు' అనే క్రియ ఇక్కడ నాలుగుసార్లు పడుతుంది. రాజు ఏమి ఇస్తాడన్న చోట ఉన్నదల్లా ప్రజల దగ్గర తీసుకొన్నదాన్ని తన నౌకర్లకు ఇవ్వడమే. ఈ క్రియను పాఠకుడు గుర్తుంచుకోవాలి. ఎందుకంటే కథకుడు గుర్తుంచుకొన్నాడు.

చాలా అధ్యాయాల తరవాత, సమూయేలు రెండో గ్రంథంలో, దావీదు మహారాజుగా ఉన్నాడు. సైన్యం ముట్టడిలో ఉంది, రాజు మేడమీద పచార్లు చేస్తున్నాడు. స్నానం చేస్తున్న బత్షెబ కనిపిస్తుంది. మనుషులను పంపి ఆమెను 'తీసుకొంటాడు'. సరిగ్గా అదే క్రియ. ఆమె భర్త ఊరియా హిత్తీయుడు, అంటే పరదేశి, సైనికుడు. యుద్ధంనుంచి పిలిపించినా, తోటి సైనికులు గుడారాలలో ఉండగా తాను ఇంటికి పోయి సుఖపడలేనని రాజద్వారం దగ్గరే పడుకొంటాడు. అతని చావుకు ఉత్తర్వు రాసిన ఉత్తరాన్ని అతని చేతికే ఇచ్చి దావీదు పంపిస్తాడు. ఊరియా దాన్ని విప్పి చూడకుండా తీసుకుపోతాడు. కథకుడు ఒక్క విశేషణం వాడడు, కన్నీరు కార్చడు. పరదేశి సిపాయి నడతనూ, దైవాభిషిక్తుడైన రాజు నడతనూ పక్కపక్కన పెట్టి ఊరుకొంటాడు.

అప్పుడు నాతాను ప్రవక్త వస్తాడు. ధనవంతుడొకడు తన మందలోని గొర్రెను ముట్టకుండా, బీదవాడు బిడ్డలా పెంచుకొన్న ఒకేఒక్క గొర్రెపిల్లను 'తీసుకొని' చుట్టానికి వండిపెట్టాడని రాజుకు ఫిర్యాదు చేస్తాడు. దావీదు మండిపడి అలాంటివాడు చావదగినవాడంటాడు. ఆ మనిషి నువ్వేనని నాతాను వెల్లడిస్తాడు. రాజు తీర్పు రాజు నోటినుంచే వచ్చింది.

ఈ కథను చర్చిల్లో సాధారణంగా ఒక మనిషి పాపం, పశ్చాత్తాపం, క్షమ అన్న వరసలో బోధిస్తారు. గ్రంథం దాన్ని వ్యక్తి బలహీనతగా వదిలిపెట్టలేదు. సమూయేలు జాబితాలోని క్రియను ఇక్కడికి తెచ్చి, ఇది రాజరికపు స్వభావమని చూపింది. నాతాను చెప్పిన కథలోనూ వ్యభిచారం లేదు, ఆస్తి ఉంది. ఉన్నవాడు లేనివాడి దగ్గర లాక్కోవడం ఉంది. ఇక్కడొక లోపమూ చెప్పాలి. ఆ ఉపమానంలో బత్షెబ గొర్రెపిల్లగా మారిపోయింది. అన్యాయం భర్తకు జరిగినట్టే లెక్కించారు. ఆమె ఏమనుకొన్నదో ఆ అధ్యాయం చెప్పదు. పీడితుడి పక్షాన మాట్లాడే ప్రవక్త సైతం స్త్రీని ఆస్తిగా చూసే సమాజంలోని మనిషే.

4

ఈ గ్రంథాలు ఒకే చేతి రచన కావు. క్రీ.పూ. పదో శతాబ్ది ప్రాంతపు సంఘటనలను చెప్పే ఈ కథలు తరవాతి శతాబ్దాలలో రాయబడి, పేర్చబడి, క్రీ.పూ. 587-586 ప్రాంతంలో బబులోను సైన్యాలు యెరూషలేమును నేలమట్టం చేసిన తరవాత తుదిరూపానికి వచ్చాయని పండితుల్లో అధికసంఖ్యాకుల అభిప్రాయం. జర్మన్ పండితుడు మార్టిన్ నోత్ 1943లో ఈ వాదానికి ఒక స్పష్టమైన రూపమిచ్చాడు. రాజ్యం పోయిన తరవాత, ఎందుకు పోయిందని వెనక్కి తిరిగి చూసుకొన్నవాళ్ల సంకలనమిది. అందుకే ఇందులో అతుకులు కనిపిస్తాయి. ఆ అతుకులే విమర్శకుడికి ఆధారం.

సౌలు రాజు కావడమే చూడండి. తప్పిపోయిన గాడిదలను వెతుకుతూ పోయిన కుర్రవాణ్ణి సమూయేలు రహస్యంగా అభిషేకించాడని ఒక కథ. చీట్లు వేస్తే అతని పేరు వచ్చిందనీ, అతడు సామానుల మధ్య దాక్కొన్నాడనీ రెండో కథ. పొలంలో ఎద్దుల వెనక నడిచివస్తూ యాబేష్గిలాదు ఆపదను విని, ఎద్దులను నరికి ముక్కలు దేశమంతా పంపి సైన్యాన్ని కూడగట్టాడని మూడో కథ. సంకలనకర్త మూడింటినీ ఉంచాడు. ఎద్దుల వెనక నడిచివచ్చిన రాజు జనం కోరుకొన్న రాజు అయివుండాలి.

దావీదు గొల్యాతును చంపిన కథ అందరికీ తెలుసు. అదే సమూయేలు రెండో గ్రంథం ఇరవై ఒకటో అధ్యాయంలో గొల్యాతును చంపినవాడు బేత్లెహేమువాడైన ఎల్హానాను అని ఉంది. ఒక సామాన్య సైనికుడి పరాక్రమం రాజు ఖాతాలో జమపడిందని చాలామంది పండితులు భావిస్తారు. 1952లో కుమ్రాను నాలుగో గుహలో దొరికిన సమూయేలు ప్రతిలో గొల్యాతు ఎత్తు నాలుగు మూరల జానెడే. ప్రాచీన గ్రీకు అనువాదంలోనూ అంతే. మనం చదివే పాఠంలో అది ఆరు మూరల జానెడయింది. రాజు కీర్తితోపాటు రాక్షసుడి ఎత్తూ పెరిగింది.

ఆ తరవాత అదే చరిత్రను క్రీ.పూ. నాలుగో శతాబ్ది ప్రాంతంలో మరొకరు తిరగరాశారు. అవే దినవృత్తాంతములు గ్రంథాలు. అందులో దావీదు యుద్ధానికి పోకుండా యెరూషలేములో ఉండిపోయాడన్న వాక్యం ఉంది కాని, ఆ తరవాత రావలసిన బత్షెబ లేదు, ఊరియా హత్య లేదు, నాతాను గద్దింపు లేదు. కొడుకు అబ్షాలోము తిరుగుబాటూ లేదు. ఎల్హానాను చంపింది గొల్యాతును కాదు, గొల్యాతు తమ్ముణ్ణి అని సర్దేశారు. రాజాస్థాన చరిత్ర ఎలా తయారవుతుందో ఇంత బాహాటంగా పట్టుబడిన ఉదాహరణ మరొకటి లేదు. అయినా పాత గ్రంథాన్ని వారు తగలబెట్టలేదు. రెండూ ఒకే అట్టలో మిగిలాయి.

సమూయేలు గ్రంథంలో దావీదుకు వకాల్తా పుచ్చుకొన్న భాగాలు లేకపోలేదు. సౌలు చావుకు అతడు కారణం కాదు, అబ్నేరు హత్యకు అతడు కారణం కాదు, ఇష్బోషెతు హత్యకూ కాదు అని పదేపదే చెప్పడంలోనే ఆ రోజుల్లో జనం ఏమనుకొనేవారో తెలిసిపోతుంది. ఆ జనం మాటను షిమీ అనే ఒక మనిషి నోట గ్రంథం ఒక్కసారి వినిపించింది. కొడుకు తిరుగుబాటుకు పారిపోతున్న దావీదుమీద అతడు రాళ్లూ దుమ్మూ విసురుతూ, సౌలు ఇంటివారి రక్తం నీ నెత్తిమీదికి వచ్చిందని తిట్టిపోస్తాడు. రాజభటుడు తల నరుకుతానంటే దావీదే వద్దంటాడు. ఆస్థాన కథకుడు వకాల్తా రాస్తూనే ప్రతివాది వాంగ్మూలాన్ని దస్తావేజులోంచి తీసివేయలేకపోయాడు.

మన సాహిత్యంతో పోల్చిచూస్తే తేడా తెలుస్తుంది. రాజులను నిరసించిన కవులు మనకు లేరా? ఉన్నారు. ధూర్జటి కాళహస్తీశ్వర శతకంలో రాజసేవను ఈసడించాడు. పోతన తన భాగవతాన్ని నరుడికి అంకితమివ్వనన్నాడు. వేమన ఎవరినీ వదలలేదు. కాని ఆ నిరసన శతకంలో ఉండిపోయింది, అవతారికలో ఉండిపోయింది, పాడుకొనేవాడి నోట ఉండిపోయింది. రాజుల చరిత్రగా చెలామణి అయిన రాయవాచకంలో ముందుకు వచ్చేది రాజు, మంత్రులు, వేగులవారు, యుద్ధయాత్రలు. ఆముక్తమాల్యదలోని రాజనీతి రాజు రాజుకు చెప్పిన నీతి. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విషయమే తీసుకొన్నా, కలెక్టరు కచేరీ కాగితాలలో అతడు బందిపోటు, పల్లెపాటల్లో వీరుడు. ఈ రెండు కట్టలూ ఒక పుస్తకంగా మనకు ఎన్నడూ కుట్టబడలేదు. హీబ్రూ సంకలనకర్తలు రెంటినీ కుట్టారు. వారు ప్రజాపక్షపాతులని కాదు. రాజ్యం కూలిపోయింది కనుక రాజులమీది నిందను దాచవలసిన అవసరం వారికి లేకపోయింది.

5

సొలొమోను అనగానే మన పిల్లలకు కూడా జ్ఞాని గుర్తుకువస్తాడు. బిడ్డకోసం తగువులాడిన ఇద్దరు తల్లుల కథ బడిపుస్తకాల్లోకీ ఎక్కింది. రాజులు మొదటి గ్రంథం ఆ జ్ఞానాన్ని పొగుడుతూనే ఖర్చు లెక్క కూడా రాసిపెట్టింది. రాజు వంటశాలకు రోజుకు పది కొవ్విన ఎద్దులు, ఇరవై మేతఎద్దులు, నూరు గొర్రెలు. ఇవి కాక పిండి, వేటమాంసం. దేశాన్ని పన్నెండు భాగాలు చేసి ఒక్కొక్క భాగం ఒక్కొక్క నెల ఈ తిండి పెట్టాలి. ఆలయం కట్టడానికి ఏడేళ్లు పట్టింది. రాజు తన నగరు కట్టుకోవడానికి పదమూడేళ్లు పట్టింది. ఈ రెండు అంకెలను కథకుడు పక్కపక్కనే పెట్టాడు. వ్యాఖ్యానం చేయలేదు.

లెబానోనులో కలప కొట్టడానికి ముప్పైవేలమందిని పట్టి, నెలకు పదివేలమంది వంతున పంపారు. బరువులు మోసేవారు డెబ్బైవేలు, కొండల్లో రాళ్లు కొట్టేవారు ఎనభైవేలు. ఈ అంకెలను గణాంకాలుగా నమ్మనక్కరలేదు. జనం జ్ఞాపకంలో ఆ బరువు ఎంతగా మిగిలిందో అవి చెబుతాయి. తెలుగు అనువాదకులు ఇక్కడ 'వెట్టి' అన్న మాట వాడారు. ఆ మాటకు మన ఊళ్లలో అర్థం నిఘంటువులో వెతుక్కోవలసినది కాదు. గ్రామనౌకరీల్లో వెట్టి ఒక ఉద్యోగం పేరే అయింది, ఆ ఉద్యోగం మాలలకే రాసిపెట్టినట్టుండేది. తెలంగాణాలో 1946-51 సాయుధ పోరాటం లేవడానికి ఒక ముఖ్యకారణం వెట్టిచాకిరే. యెరూషలేము దేవాలయం గోడల వెనక వెట్టి ఉందని మాలపల్లె గుడిలో మొదటిసారి విన్న మనిషికి ఆ మాట ఎలా తగిలివుంటుందో ఊహించవచ్చు.

ఇక్కడా అతుకు ఉంది. తొమ్మిదో అధ్యాయంలో సొలొమోను ఇశ్రాయేలీయులను దాసులుగా చేయలేదని, మిగిలిన అన్యజనులచేతనే వెట్టి చేయించాడని ఒక సవరణ కనిపిస్తుంది. అయిదో అధ్యాయంలో మాత్రం ఇశ్రాయేలంతటినుంచీ మనుషులను పట్టినట్టు స్పష్టంగా ఉంది. పరాయివాళ్లను అయితే వెట్టికి పెట్టవచ్చునన్న సమర్థనను కూడా మనం మరచిపోకూడదు. తన వారికి జరిగితే అన్యాయం, పరులకు జరిగితే పరిపాలన.

సొలొమోను చనిపోగానే లెక్క తేలింది. షెకెములో జనం గుమిగూడి కొత్తరాజు రెహబామును కాడి తేలిక చేయమని అడుగుతారు. అతడు మూడు రోజుల గడువు పెట్టి, ముసలివాళ్లను ఒకసారి, తనతో పెరిగిన పడుచువాళ్లను ఒకసారి సలహా అడుగుతాడు. ముసలివాళ్లు మెత్తగా మాట్లాడమంటారు. పడుచువాళ్లు తండ్రి కొరడాకంటె తన కొరడా కఠినమని చెప్పమంటారు. రాజు రెండో సలహా తీసుకొంటాడు. ముసలివాళ్ల సలహాను కూడా జాగ్రత్తగా చదవాలి. ఈ ఒక్కరోజు మంచిగా మాట్లాడితే వారు ఎల్లకాలమూ నీకు దాసులుగా ఉంటారన్నది దాని సారం. అంటే ఇరుపక్షాలకూ గమ్యం ఒకటే, పద్ధతిలోనే భేదం. పాలకవర్గంలో మితవాదులకూ తీవ్రవాదులకూ ఉండే భేదం ఎంతటిదో కథకుడికి బాగా తెలుసు.

జనం దావీదు వంశంతో తమకేమీ పొత్తు లేదని చెప్పి ఎవరి గుడారాలకు వారు పోతారు. అప్పుడు రాజు వారి దగ్గరికి ఎవరిని పంపాడు? వెట్టిపనుల అధికారి అదోరామును. జనం అతణ్ణి రాళ్లతో కొట్టి చంపారు. రాజు రథమెక్కి పారిపోయాడు. రాజ్యం రెండు ముక్కలయింది. తిరుగుబాటుకు నాయకుడైన యరొబాము స్వయంగా సొలొమోను కింద వెట్టిపనులమీద అధికారిగా పనిచేసినవాడు. అతడు కూడా రాజయ్యాక రాజులాగే ప్రవర్తించాడు. తిరుగుబాటు గెలిచినా రాజరికం మిగిలిందన్న చేదునిజాన్ని కూడా గ్రంథం దాచలేదు.

6

చివరగా నాబోతు. ఇతడి కాలం తొలిరాజులకు కొంత తరవాతిది, క్రీ.పూ. తొమ్మిదో శతాబ్ది. కాని సమూయేలు జాబితా పూర్తిగా ఫలించింది ఇతని విషయంలోనే.

అహాబు రాజు నగరు పక్కన యెజ్రెయేలులో నాబోతుకు ద్రాక్షతోట ఉంది. రాజుకు కూరతోట వేసుకోవాలని ఉంది. అతడు మొదటనే లాక్కోలేదు. దానికి బదులు ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు, కాదంటే రొక్కం ఇస్తానన్నాడు. ఈనాటి మాటల్లో చెప్పాలంటే నష్టపరిహారంతోపాటు ప్రత్యామ్నాయ భూమి. నాబోతు పితరుల స్వాస్థ్యాన్ని ఇవ్వనన్నాడు. కథలో అసలు బిందువు ఇదే. ధర చాలక కాదు, భూమి ధర కట్టదగిన వస్తువు కాదు కనుక. రాజు దృష్టిలో అది సరుకు, రైతు దృష్టిలో తరాల బతుకు. రెండు ఉత్పత్తి సంబంధాలు ఒక తోట గట్టుమీద ఎదురుపడ్డాయి.

ఆ పైన రాణి యెజెబెలు రాజముద్ర వేసి ఊరి పెద్దలకు ఉత్తరాలు పంపుతుంది. పెద్దలు సభ పెడతారు, ఉపవాసం చాటిస్తారు, ఇద్దరు దొంగసాక్షులను కూర్చోబెడతారు. దైవదూషణ, రాజదూషణ నేరం మోపి నాబోతును రాళ్లతో కొట్టి చంపిస్తారు. అడుగడుగునా చట్టం పాటించబడింది. ముద్ర ఉంది, సభ ఉంది, ఇద్దరు సాక్షులున్నారు. ఊరిపెద్దలలో ఒక్కడూ కాదనలేదు. ఏలీయా ప్రవక్త వచ్చి, చంపి ఆక్రమించుకొన్నావా అని రాజును నిలదీస్తాడు. కరణం లెక్కలూ, పెద్దరెడ్డి చావడీ తెలిసిన ప్రాంతంలో ఈ కథకు టిప్పణి అక్కరలేదు. పేదలకు పంచిన అసైన్డు భూములు మళ్లీ పెద్దల చేతుల్లోకి పోకుండా 1977లో ప్రత్యేకంగా చట్టం చేయవలసివచ్చిందంటే, నాబోతు సమస్య క్రీస్తుపూర్వంతో ముగిసిపోలేదన్నమాట.

1980 దశకం తొలినాళ్లలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు నందికొట్కూరు, ఆత్మకూరు తాలూకాల కృష్ణాతీరపు గ్రామాలు నీట మునిగాయి. జలాశయం రాజు కూరతోట కాదు. దాని నీళ్లు వేలాది ఎకరాలకు పారుతున్నాయి, దాని కరెంటు దీపాలు వెలిగిస్తున్నది. ఆ తేడాను మనం విస్మరించకూడదు. కాని పరిహారం లెక్క వేసేవాడికీ, ఊరు వదిలేవాడికీ మధ్య జరిగిన సంభాషణ మాత్రం అహాబుకూ నాబోతుకూ మధ్య జరిగినదే. సంగమేశ్వరంలో నీళ్లు తగ్గినప్పుడు గుడి బయటపడుతుంది, దర్శనానికి జనం వెళతారు. మునిగిన ఊళ్లకు అలాంటి దర్శనం లేదు. వాటి కథను మనం ఇంకా నాబోతు కథ అంత గట్టిగా రాయలేదు.

7

ఇంత చెప్పాక రెండు హెచ్చరికలు అవసరం.

మొదటిది, చరిత్ర విషయం. ఇశ్రాయేలు పుట్టుకే కనాను నగరరాజ్యాలమీద రైతుల తిరుగుబాటు అని 1962లో మెండెన్హాల్, 1979లో గాట్వాల్డ్ వాదించారు. గాట్వాల్డ్ మార్క్సిస్టు పద్ధతిని బాహాటంగానే స్వీకరించాడు. కొండప్రాంతాల తవ్వకాలలో రాజభవనాలు లేని చిన్న చిన్న పల్లెలు బయటపడినా, తిరుగుబాటు జరిగిందనడానికి నేరుగా సాక్ష్యం దొరకలేదని విమర్శకులన్నారు. 1993లో తేల్ దాను వద్ద దొరికిన క్రీ.పూ. తొమ్మిదో శతాబ్ది అరామిక్ శాసనంలో దావీదు వంశం ప్రస్తావన ఉంది కనుక ఆ పేరుగల వంశకర్త ఉన్నాడనుకోవచ్చు. అతని రాజ్యం ఎంత పెద్దదన్నది ఇప్పటికీ వివాదమే. ఈ కథలను భూమిమీద హక్కుపత్రాలుగా చేసి, అక్కడ బతుకుతున్న జనాన్ని వెళ్లగొట్టడానికి వాడుకొనే రాజకీయాన్ని మనం ఒప్పుకోనక్కరలేదు. రాజు తీసుకొంటాడని హెచ్చరించిన పుస్తకాన్నే తీసుకోవడానికి సాధనం చేయడం అది.

రెండోది, ఆదర్శీకరణ విషయం. ఇదే సమూయేలు అమాలేకీయులను పసిపిల్లలతో సహా సంహరించమని సౌలును ఆజ్ఞాపిస్తాడు. సౌలు వారి రాజునూ, మంచి పశువులనూ మిగిల్చినందుకు రాజరికం పోయిందంటాడు. దాన్ని సమర్థించే మార్గం లేదు, వెతకనూ కూడదు. రాజును ప్రశ్నించిన గొంతు ఎల్లప్పుడూ ప్రజల గొంతే కాదు, పురోహితుడి అధికారం కూడా కావచ్చు.

అయినా ఈ కథల్లో ఏ అధికారానికీ చెందని మనుషులున్నారు. సౌలు ఉపపత్ని రిస్పా ఉంది. దావీదు రాజకీయావసరం కొద్దీ సౌలు వంశంవారు ఏడుగురిని ఉరికి అప్పగిస్తాడు. వారిలో ఇద్దరు ఆమె కొడుకులు. కోతకాలం మొదలుకొని వానలు పడేదాకా ఆమె బండమీద గోనెపట్టా పరచుకొని కూర్చొని, పగలు పక్షులూ రాత్రి మృగాలూ శవాలను ముట్టకుండా కాపలా కాస్తుంది. ఒక్క మాట మాట్లాడదు. చివరికి రాజే దిగివచ్చి ఎముకలను పాతిపెట్టించవలసివస్తుంది. ఎన్‌కౌంటరయిన బిడ్డల శవాలకోసం తల్లులు ఆస్పత్రుల ముందు కాచుకొన్న దేశంలో ఈ కథను పరాయికథ అనడానికి నోరురాదు.

గుర్రం జాషువా క్రీస్తుచరిత్ర రాశాడు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పాత నిబంధనలోని రాజుల కథలను మాత్రం ఆ స్థాయిలో తెలుగు సాహిత్యంలోకి తెచ్చినవారు కనిపించరు. విమర్శలోనూ అదే లోటు. తెలుగు శాఖల్లో వచన వికాసం పాఠం చెప్పేటప్పుడు 1853తోపాటు 1854నూ చెప్పాలి. ఆ అనువాదపు భాష ఎవరి నోటికి ఎలా అలవడిందో పల్లెల్లో తిరిగి సేకరించాలి. పాలకవర్గ సాహిత్యం మీద తరగతులు పెట్టే మన సంఘాలు, ఆదివారం ఇదే గ్రంథం చదివే కూలీలతో కూర్చొని సమూయేలు జాబితాను వరసగా చదవాలి. కొడుకులు ఎవరి పొలం దున్నుతున్నారు, కూతుళ్లు ఎవరి వంట వండుతున్నారు, మంచి భూమి ఎవరి పేర ఉంది అని ఒక్కొక్క పద్దుకీ జవాబు అడగాలి. ఆ జవాబులు చెప్పవలసినవారు వాళ్లే. పాఠం ఎలా చదవాలో మనకు నేర్పేవారూ వాళ్లే.